అత్తయ్య చెవిలో గంట

అత్తయ్యకు చెవిలో గంటలు మోగుతున్నాయన్న సంగతి మొదటిసారి విన్నది దసరాకి. ఫోన్లో మావయ్యే చెప్పాడు, నవ్వుతూ. 'బండెక్కితే చాలు, గంట మోగిందంటుందిరా మీ అత్త. నాకైతే ఒక్కటీ వినపడదు. ఇల్లు గుడి పక్కన కట్టుకోవాల్సింది!' అని.

దీపావళికల్లా ఆ నవ్వు తగ్గింది. కార్తీకం వెళ్లకముందే అత్తయ్యను రాజమహేంద్రవరం తీసుకెళ్లి చెవుల డాక్టరుకు చూపించారు. ఆయన రెండు చెవుల్లోకీ లైటేసి చూసి, హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేసి, 'ఈ వయసులో ఇంత బాగా వినిపించేవాళ్లు తక్కువండీ' అని పంపించేశాడు.

'చూశారా?' అంది అత్తయ్య. మావయ్య ఏమీ అనలేదు. గంట మాత్రం మోగుతూనే ఉంది.

సంక్రాంతికి మూడు రోజుల ముందు నేను వెళ్లేసరికి అదీ పరిస్థితి. పండక్కి పిల్లలందరూ వస్తున్నారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి, ముక్కనుమ పొద్దున్నే ఏడుగురం ఆ బండిలోనే మారేడుమిల్లి వెళ్లాలని, అక్కణ్నుంచి చింతూరు ఘాట్ రోడ్డు దిగి రావాలని అప్పటికే నిర్ణయమైపోయింది. నాకు స్టేషన్‌లోనే మావయ్య ఒక పని అప్పజెప్పాడు. 'నువ్వు పేపరోడివి కదరా. ఆ గంట సంగతేదో నువ్వే తేల్చు. పండగపూట మీ అత్తతో నేను పడలేను.'

స్టేషన్ నుంచి ఊరి దాకా గంటకు పైగా ప్రయాణం. చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్కసారి కూడా మోగలేదు!

తోట దారిలో...

మావయ్యది గోకవరం దగ్గర పల్లె. ఏజెన్సీ ఇంకా మొదలవకముందే, కొండ వాలులో ఆయనకు జీడిమామిడి తోట ఉంది. తారు రోడ్డు వదిలాక రాళ్లదారి, ఒక వాగు, ఆపైన నిటారుగా ఎక్కుడు. మామూలు కారు ఆ వాగు దగ్గరే ఆగిపోతుంది. అందుకే 2016లో నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే ఫోర్ బై ఫోర్ బండి కొన్నాడు. అన్నవరం కొండకు తీసుకెళ్లి వాహనపూజ చేయించాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని తోటకు వెళ్లడం, ఎండెక్కేలోగా దిగి రావడం... అదే ఆ ఇద్దరి వాకింగు, అదే షికారు.

మర్నాడు నేనూ వాళ్లతో వెళ్లాను. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. దిగేటప్పుడు, చింతచెట్టు మలుపు దాటి బండి ముక్కు కిందికి వంచిందో లేదో... టింగ్, టింగ్, టింగ్. మూడంటే మూడుసార్లు. సన్నగా, కానీ స్పష్టంగా.

'మోగింది!' అన్నాను. అత్తయ్య నావైపు చూసిన చూపు మర్చిపోలేను. నాలుగు నెలలుగా ఒక్కళ్లూ నమ్మని మాటకు సాక్షి దొరికాడు మరి!

'ఏదీ?' అన్నాడు మావయ్య.

అప్పుడర్థమైంది. ఆయనకు అరవై ఎనిమిది. వయసు మీద పడేకొద్దీ వినికిడి ఒక్కసారిగా పోదు. ముందుగా పోయేవి సన్నటి, హెచ్చు శ్రుతి చప్పుళ్లు. మాటలు వినిపిస్తాయి, లారీ హారన్ వినిపిస్తుంది. పిచ్చుక కిచకిచ, ఫోను బీప్ లాంటివి జారిపోతాయి. పోయాయన్న సంగతి ఆ మనిషికి తెలియదు కూడా. వినపడని చప్పుడు లేనట్టే కదా! పైగా కిటికీ తీసి ఉంటుంది, డీజిల్ ఇంజిను హోరు ఉండనే ఉంది. పరీక్ష చేయించాల్సింది ఎవరి చెవులకో తెలిసింది. ఆ మాట అప్పుడే అనే ధైర్యం మాత్రం చేయలేకపోయాను.

ఒకటే గొంతు... పది మాటలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పుట్టిన పాత జీపులకు ఈ గంటల గోల లేదు. నాలుగు ముళ్లు చూసుకుని నడుపుకోవడమే. ఇప్పటి బండి అలా కాదు. తలుపు సరిగ్గా పడకపోతే మోగుతుంది. లైట్లు ఆర్పకుండా దిగితే మోగుతుంది. బెల్టు పెట్టుకోకపోతే, హ్యాండ్ బ్రేకు దించకుండా కదిలిస్తే, డీజిల్ అడుగంటితే... అన్నిటికీ మోగుతుంది. చిక్కేమిటంటే, చాలా బళ్లలో ఇన్ని కబుర్లూ చెప్పేది డ్యాష్ బోర్డు వెనకున్న ఒకే ఒక్క చిన్న బజరు. గొంతు ఒకటే, మాటలు పది. ఏ మాట అన్నదో తెలియాలంటే ఆ క్షణంలో మీటరులో ఏ దీపం వెలిగిందో చూడాలి. మావయ్య బండిలో మరి ఏ దీపమూ వెలగలేదు. నేను వెనక సీట్లోంచి మెడ సాచి చూశాను కూడా.

ఇంటికొచ్చాక వేట మొదలుపెట్టాను. ముందు ఫోన్లన్నీ ఆపేసి చూశాను. అవి కావు. తర్వాత అనుమానం సీటు బెల్టు మీదకు వెళ్లింది. సీటు మీద ఎవరైనా కూర్చున్నారా లేదా అన్నది సీటు కింద ఉండే సెన్సర్ బరువును బట్టి కనిపెడుతుంది. దానికి మనిషీ ఒకటే, జీడిగింజల సంచీ ఒకటే. కాస్త బరువైన క్యారేజీ పెట్టినా, 'బెల్టు పెట్టుకోలేదు' అని మొత్తుకుంటుంది. కానీ అత్తయ్య బెల్టు పెట్టుకునే కూర్చుంటుంది. పైగా ఆ గంటైతే మూడుసార్లతో ఆగదు. తలుపుల సంగతి చూశాను. వాగు దాటే బండి కదా, తలుపు గడియల్లో మట్టి చేరింది. శుభ్రంగా కడిగి, నూనె చుక్కలేసి మళ్లీ తోట దాకా వెళ్లొచ్చాం. చింతచెట్టు మలుపు దగ్గర... టింగ్, టింగ్, టింగ్!

సాయంత్రం బండిని కారు సామాన్లమ్మే దుకాణానికి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు చాలా హుషారు. బండి స్టార్ట్ చేశాడు, నిలబెట్టే నాలుగు తలుపులూ తీశాడు, వేశాడు. గంట మోగలేదు. 'ఏం లేదండి, సెన్సర్ లూజయ్యుంటుంది. బజరు వైరు కత్తిరించేస్తే పీడా వదిలిపోద్ది. ఐదు నిమిషాల పని' అన్నాడు. మావయ్య ముఖం వెలిగిపోయింది. అప్పటికే చీకటి పడింది, కుర్రాడికి ఇంకేదో పని తగిలింది. 'పొద్దున్నే తెచ్చెయ్యండి' అన్నాడు.

ఆ కుర్రాణ్ని తప్పుపట్టి లాభం లేదు. గంటను నోరు మూయించాలన్న కోరిక ఇప్పటిది కాదు, మనొక్కళ్లదీ కాదు. అమెరికాలో 1974 మోడల్ కార్లకు ఒక ఏర్పాటు తప్పనిసరి చేశారు. ముందు సీట్లలో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకుంటేనే ఇంజిను స్టార్టవుతుంది. జనం ఎంత మండిపడ్డారంటే, ఆ ఏడాదే అక్కడి పార్లమెంటు చట్టం చేసి ఆ ఏర్పాటును తీయించేసింది. బెల్టు గంటను కూడా ఎనిమిది సెకన్లకు మించి మోగించాలని కంపెనీలను బలవంతపెట్టకూడదని ఆ చట్టంలోనే రాసుకున్నారు!

మన దేశంలో 2019 జులై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ముందు సీట్ల బెల్టు గంట, గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటితే హెచ్చరించే గంట తప్పనిసరి. దానికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు... బెల్టు పెట్టుకోకుండానే, పెట్టుకున్నట్టు బండిని నమ్మించే చిన్న ఇనుప బిళ్ల. అది దొంగతనంగా కాదు, ఆన్‌లైన్లో దర్జాగా అమ్మేవారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకు ఆదేశాలిచ్చి, అలాంటి 13,118 అమ్మకపు ప్రకటనలను తీయించింది. అంతకు ముందు, ఒక్క 2021లోనే బెల్టు పెట్టుకోక మన రోడ్ల మీద పోయినవాళ్లు 16,397 మంది. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క.

క్యాలెండరులో చుక్కలు

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని అరిసెలు తింటుంటే గోడ మీది క్యాలెండరు కంటపడింది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, పనమ్మాయి నాగాలు... అత్తయ్య సంసారమంతా అందులోనే ఉంటుంది. కొన్ని తేదీల కింద పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలున్నాయి.

'ఇవేంటత్తయ్యా?'

'గంటలు' అంది, అరిసెల పళ్లెం నావైపు జరుపుతూ. 'మోగిన రోజున పెట్టుకున్నా. నా చెవిదో, బండిదో తేలాలి కదా!'

పాత క్యాలెండరు కూడా దింపించి చూశాను. దసరా నెలలో రెండే చుక్కలు. తర్వాతి నెల ఐదు. డిసెంబరులో పదకొండు. జనవరిలో అప్పటికి గడిచింది పట్టుమని పది రోజులే, చుక్కలు ఏడు. ఇంకో సంగతేంటంటే, రాజమహేంద్రవరం వెళ్లొచ్చిన రోజుల్లో, పెళ్లిళ్లకు తిరిగిన రోజుల్లో ఒక్క చుక్కా లేదు. అన్నీ తోటకు వెళ్లిన రోజులే.

అంటే గంట తోచినట్టు మోగడం లేదు. వాలులో మాత్రమే మోగుతోంది, రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఊడిన వైరైతే గతుకుల్లో ఎక్కడైనా మోగాలి. ఇదేదో నెమ్మదిగా తరిగిపోతున్న వస్తువు వ్యవహారంలా ఉంది. ఏమిటది? నాకు తెలియలేదు. కానీ పొద్దున్నే వైరు కత్తిరించడం మాత్రం వద్దన్నాను. 'మరి ముక్కనుమకి?' అన్నాడు మావయ్య. 'ముందు పాత షెడ్డుకి వెళ్దాం' అన్నాను.

బొట్టు వెనక ఎర్రదీపం

పాత షెడ్డు మెకానిక్కుకు యాభై దాటి ఉంటాయి. మావయ్య పాత జీపును కూడా ఆయనే చూసేవాడు. మావయ్య చెప్పిందంతా విన్నాడు, నేను చెప్పిందీ విన్నాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగాడు. 'మీరు చెప్పండమ్మా. విన్నది మీరు కదండి. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? నిలబడుంటే మోగుద్దా, కదిలితేనేనా? ఎన్నిసార్లండి?'

నాలుగు నెలల్లో ఆ ప్రశ్నలు అత్తయ్యను అడిగినవాడు ఆయనొక్కడే. మేమందరం 'నిజంగా మోగిందా?' అని మాత్రమే అడిగాం.

అత్తయ్య చెప్పింది. దిగేటప్పుడే, కదులుతున్నప్పుడే, మూడుసార్లే. ఆయన తలూపి, బండిని షెడ్డు ఎదుటి కాలవగట్టు వాలులో ముక్కు కిందికి ఉండేలా పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు లాగించాడు. ఇంజిను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పాడు. మీటరులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అదేమీ వింత కాదు. దీపాలు పనిచేస్తున్నాయో లేదో మనకు తెలియడం కోసం బండి తనంతట తాను చేసుకునే పరీక్ష అది. రెండు మూడు సెకన్లకు కొన్ని ఆరిపోయాయి.

'హ్యాండ్ బ్రేకు లాగే ఉంది కదండి' అన్నాడాయన. 'మరి ఎర్రదీపం ఏదీ?'

నిజమే! హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నంతసేపూ ఎర్రటి బ్రేకు దీపం వెలుగుతూ ఉండాలి. లేదు. బల్బు పోయిందేమో అనుకున్నాం. ఆయన మాత్రం మీటరు మీదకు వంగి ఒక నిమిషం చూశాడు. చిన్నగా నవ్వి, 'అమ్మగారూ, ఈ బొట్టు తుడవొచ్చాండి?' అన్నాడు.

అన్నవరంలో వాహనపూజ నాడు పంతులుగారు మీటరు అద్దం ఎడమ మూలన గంధం, కుంకుమ పెట్టారు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అత్తయ్య బండి కడిగించి, ఆ బొట్టు మీదే మళ్లీ బొట్టు పెడుతోంది. ఏళ్ల తరబడి పేరుకుని అది రూపాయి బిళ్లంత అయింది. అత్తయ్యే కొంగు తడిపి మెల్లగా తుడిచింది. గంధం కరిగింది, కుంకుమ కరిగింది. వెనక నుంచి ఎర్రగా, గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం గుర్తు... వెలుగుతూ కనిపించింది.

ఆయన హ్యాండ్ బ్రేకు దించాడు. ఆ వాలులో దీపం ఆరలేదు.

నలుగురం కాసేపు మాట్లాడుకోలేదు. అత్తయ్యకు గంట వినిపించింది. కానీ, ఆ దీపానికి తెర కట్టింది తన చెయ్యే. మావయ్య కళ్లు బాగానే ఉన్నాయి. చెవికి గంట చేరలేదు. బండి నాలుగు నెలలుగా ఇద్దరికీ చెబుతూనే ఉంది.

ఆ దీపం ఏం చెప్పింది?

బానెట్ ఎత్తితే డ్రైవరు వైపున తెల్లటి చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఉండేది బ్రేక్ ఆయిల్. లోపల అయస్కాంతం ఉన్న చిన్న బెండు తేలుతుంటుంది. ఆయిల్ తగ్గితే బెండు దిగి స్విచ్చు కలుస్తుంది. దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. మావయ్య బండిలో ఆయిల్ కనీసపు గీతను ఆనుకుని ఉంది. సమంగా ఉన్న రోడ్డు మీద బెండు తేలుతోంది. ముక్కు కిందికి వంగగానే ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, బెండు దిగిపోతోంది. అందుకే కొండ దిగేటప్పుడే గంట.

'ఇంతేనా! ఆయిల్ పోసెయ్యండి' అన్నాను తేలిగ్గా.

'అదే చెయ్యకూడదండి' అన్నాడు మెకానిక్కు. 'పోస్తే దీపం ఆరిపోద్ది. జబ్బు పోదు. అసలు ఎందుకు తగ్గిందో చూడాలి కదండి!'

ఆ మాటలో చాలా ఉంది. బ్రేక్ ఆయిల్ ఇంజిను ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి. ఎక్కడో కారుతుండాలి, లేదా బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి ఉండాలి. ప్యాడు పలచబడేకొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ ఇంకాస్త ముందుకు రావాలి. వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. అంటే డబ్బాలో మట్టం ప్యాడ్ల ఆయుష్షును చూపించే గీతలాంటిది.

ముందు చక్రాలు విప్పాడు. కొత్త ప్యాడు మందం పది మిల్లీమీటర్ల పైన ఉంటుంది. మూడుకు వస్తే మార్చేయాలంటారు. మావయ్య బండి ఎడమ ప్యాడు మీద మిగిలింది అట్టముక్కంత. వాగు ఇసుక, కొండమట్టి దాన్ని మామూలు కంటే తొందరగా తినేశాయి. మావయ్య ఇంజిను ఆయిల్ ఊళ్లోనే మార్పించుకుంటూ, రెండేళ్లుగా పూర్తి సర్వీసు చేయించలేదట.

ఇంకో మాట కూడా చెప్పాడాయన. బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత మీద డాట్ 4 అని ఉంటే, అది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డులో బ్రేకు తొక్కుతూ దిగితే చక్రాల దగ్గర వేడి విపరీతంగా పుడుతుంది. ఆయిల్ మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే. ఘాట్‌లో చిన్న గేరులో, ఇంజిను పట్టు మీద దిగమనేదీ అందుకే.

మావయ్య ఆ ప్యాడును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఏడుగురు, చింతూరు ఘాట్... ఆయన ఏం లెక్కేసుకుంటున్నాడో నాకు తెలుసు. వైరు కత్తిరించి ఉంటే ఆ గంట ఇక ఎవరికీ వినిపించేది కాదు.

రాజమహేంద్రవరం నుంచి సాయంత్రం బస్సులో కొత్త ప్యాడ్లు తెప్పించారు. పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశారు. అంతా కలిపి ఐదు వేల లోపే అయింది. ముక్కనుమ నాడు మారేడుమిల్లి మంచులో ఏడుగురం బొంగులో చికెన్ తిని, ఘాట్ నిదానంగా దిగి, చీకటి పడకముందే ఇల్లు చేరాం. దారి పొడుగునా ఒక్క గంట మోగలేదు.

పండగ వెళ్లాక మావయ్యే అడగకుండా చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చాడు. మిషన్ పెట్టుకోమన్నారట. 'పెట్టుకుంటాలే' అంటున్నాడు, ఇంకా పెట్టుకోలేదు. శుక్రవారం బొట్టు మాత్రం స్టీరింగు మధ్యకు మారింది. మొన్న ఫోన్ చేసి, 'ఇప్పుడేమైనా మోగుతోందా అత్తయ్యా?' అని అడిగాను.

'లేదురా' అంది. 'మోగితే మాత్రం చెప్పిన మరుక్షణం బండి ఆపుతున్నాడు మీ మావయ్య. నిన్న కాలవ దగ్గర ఎవరిదో సైకిల్ బెల్లు వినిపించి, గంట అన్నా. ఆపేశాడు!'

తాళం తిప్పేముందు...

* ఇంజిను స్టార్ట్ చేసే ముందు మీటరులో దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూడండి. ఎప్పుడూ వెలిగే దీపం ఒకటి వెలగకపోతే, అదీ హెచ్చరికే.

* ఎరుపు వెలిగితే వీలైనంత త్వరగా పక్కకు ఆపి చూడాలి. పసుపు వెలిగితే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. పచ్చ, నీలం సమాచారం కోసమే.

* గంట మోగితే మూడు సంగతులు రాసి పెట్టుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు. మెకానిక్కుకు సగం పని తప్పుతుంది.

* బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసేసి ఊరుకోవద్దు. ప్యాడ్లు, పైపులు చూపించండి.

* బొట్టు, దేవుడి బొమ్మ, స్టిక్కరు... ఏదైనా సరే, మీటరు అద్దం మీద వద్దు.